ఎవరూ చదవని ప్రశ్న

ఆ కృత్రిమ కాళ్ళ కేంద్రంలో పద్నాలుగు మంది పనిచేస్తారు. అందరికంటే పిరికిది మాత్రం రికార్డుల గదిలోని కంప్యూటరు. రోజూ తెరిచే ఫైలే, రోజూ కూర్చునే మనిషే, అయినా తెరవబోయిన ప్రతిసారీ ఉలిక్కిపడి అడుగుతుంది: "ఈ ఫైలులో ఆదేశాలు ఉన్నాయి. అవి మీ కంప్యూటరుకు హాని చేయవచ్చు. తెరవమంటారా?" తెరవమంటేనే తెరుస్తుంది. లేకపోతే సాయంత్రం దాకా అలాగే బిగుసుకుని కూర్చుంటుంది.

ఆ గదిలో కూర్చునే ఆవిడను అందరూ రికార్డమ్మ అంటారు. ముప్పై మూడేళ్ళ మనిషి. చేతిలో పనీ ఆగదు, నోటిలో మాటా ఆగదు. కేంద్రానికి వచ్చే ప్రతి ఒక్కరి కాలి కొలతలూ ఉండే ఆ డేటాబేసు ఆవిడ సొంత తయారీ. ఎవరూ నేర్పకుండా, భోజనం వేళల్లో పుస్తకాలు చూసి తయారు చేసుకుంది. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే పైకి "ఆ, ఏముందిలెండి" అంటుంది గానీ ఆ పూటంతా హుషారుగా ఉంటుంది. ఆవిడ ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు మీద. ఏడాదికోసారి పైవాళ్ళు సంతకం పెడితేనే మరో ఏడాది.

అక్కడి పని పద్ధతి ఇది. కాలు పోయిన మనిషి ముందు కొలతల గదికి వెళ్తాడు. కొలతల మాస్టారు తెగిన కాలిలో మిగిలిన భాగానికి మోకాలి కింద మూడు చోట్ల టేపు చుట్టి, చుట్టుకొలతలు తన గదిలోని కంప్యూటరులో ఎక్కిస్తారు. మర్నాటి ఉదయం ఆ అంకెలన్నీ రికార్డుల గదిలోని పెద్ద ఫైలులో కలుస్తాయి. అక్కణ్ణుంచి పనికాగితాలు అచ్చయి వర్క్‌షాపుకు పోతాయి. ఆ కాగితంలోని అంకెను బట్టే, కాలు దిగే గిన్నె తయారవుతుంది. గిన్నె బిగుతైతే చర్మం ఒరుసుకుపోతుంది, వదులైతే మనిషి పడిపోతాడు. అందుకే ఆ కేంద్రంలో మేనేజరు మాటకన్నా కొలతల మాస్టారి అంకెకు విలువ ఎక్కువ.

చిక్కల్లా వర్క్‌షాపు ఏడున్నరకు మొదలవడంతో వచ్చింది. రికార్డమ్మ బస్సు దిగేసరికి తొమ్మిది. ఆవిడ వచ్చి, ఫైలు తెరిచి, అంకెలు కలిపి, కాగితాలు అచ్చు తీసేదాకా అక్కడ నలుగురు మనుషులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. "మా జీతాలు కూర్చోడానికే ఇస్తున్నట్టున్నారు రికార్డమ్మా" అని వాళ్ళ మేస్త్రీ రోజూ ఓ చురక వేసేవాడు. పడీ పడీ విసుగొచ్చి ఆవిడ ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటరు వరసగా చెయ్యాల్సిన పనుల జాబితా, రాసింది. తెల్లవారి ఏడు గంటలకు కంప్యూటరు తనంతట తానే లేచి, డేటాబేసు తెరిచి, అంకెలు కలిపి, కాగితాలు అచ్చు తీసి పెట్టాలి. కూర్చుని నడిపి చూస్తే చక్కగా నడిచింది.

మర్నాడు తొమ్మిదికి వచ్చి చూస్తే ప్రింటరు పక్కన ఒక్క కాగితం లేదు. తెర మీద అదే హెచ్చరిక. "తెరవమంటారా?" ఎదురుగా మనిషి లేని ఖాళీ కుర్చీని రెండు గంటలుగా అడుగుతూనే ఉంది. గుమ్మంలో మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆవిడకు పంతం వచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్ళి భద్రత స్థాయిని తగ్గిద్దామని చూస్తే ఆ మీట నొక్కుడుపడలేదు, హెడ్డాఫీసు వాళ్ళు తాళం వేసి ఉంచారు. ఫైలు తెరవక ముందే భద్రత తగ్గించమని స్క్రిప్టులోనే ఓ వాక్యం రాసింది, కంప్యూటరు ఆ మాట చెవిన పెట్టలేదు. ఫైలును వేరే పేరుతో, వేరే దారిలో తెరిపించింది, హెచ్చరిక అక్కడికీ వచ్చింది. రెండు రోజులు తలకిందులుగా తపస్సు చేసి, చివరికి హెడ్డాఫీసులో భద్రత చూసే ఆయనకు ఫోను చేసింది.

"ఫైలు ఉన్న ఫోల్డరును నమ్మకమైన ఫోల్డర్ల జాబితాలో చేరిస్తే హెచ్చరిక రాదు మేడమ్," అన్నాడాయన. "దానికో ఫారం ఉంది. మీ మేనేజరు సంతకం, మా ఆఫీసులో ఇద్దరి సంతకాలు. మూడు వారాలు పట్టొచ్చు."

"మూడు వారాలా! ఇక్కడ నన్ను కాల్చుకు తింటున్నారండీ."

"ఓపిక పట్టండి. ఈలోపు దొడ్డిదారులు మాత్రం వెతక్కండి."

ఫారం పంపింది. దొడ్డిదారి కూడా వెతికింది. ఆ దారి ఎంత తేలికంటే, కనిపెట్టాక ఆవిడకు నవ్వొచ్చింది. హెచ్చరిక రాకుండా ఆపలేకపోతే పోనీ, రానివ్వు. వచ్చాక ఎంటర్ మీట నొక్కమని స్క్రిప్టుకే చెబితే సరి. పాత కంప్యూటరు కదా, ఒకరోజు తొందరగా తెరుస్తుంది, ఒకరోజు నత్తనడక. అందుకని తెర మీద ఏ మెసేజి బాక్సు కనిపించినా సరే ఐదు సెకన్లు ఆగి ఎంటర్ నొక్కమంది. నొక్కిన ప్రతిసారీ ఓ చిన్న ఫైలులో టైముతో సహా రాసిపెట్టుకోమంది. మర్నాడు ఏడుంబావుకల్లా కాగితాలు వర్క్‌షాపులో ఉన్నాయి. మేస్త్రీ స్వయంగా టీ తెచ్చిచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడికి ఈ కథంతా చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. "అడగ్గానే సరే అంటుందా? అయితే నీకంటే నయమే" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. ఫారం సంగతి హెడ్డాఫీసు మరిచిపోయింది, రికార్డమ్మా మరిచిపోయింది. ఆవిడ మరిచిపోయినది ఇంకొకటి కూడా ఉంది. ఏడాది కిందట ఆవిడే ఆ డేటాబేసులో ఓ ప్రశ్న రాసిపెట్టింది. ఒక మనిషికి కొత్తగా ఎక్కించిన కొలత పాత కొలతకు మరీ దూరంగా ఉంటే, అంకెలు కలిపేటప్పుడు అది అడుగుతుంది: "కొత్త కొలతకూ పాత కొలతకూ చాలా తేడా ఉంది. పాతదే ఉంచమంటారా?" ఎవరైనా పరధ్యానంలో ఎంటర్ కొట్టినా ప్రమాదం లేకుండా, ఎంటర్‌కు "పాతదే ఉంచు" అనే జవాబు తగిలించింది. ఆవిడ కుర్చీలో ఉన్న రోజుల్లో ఆ ప్రశ్న వస్తే లేచి వెళ్ళి, "మాస్టారూ, ఈ అంకె నిజమేనా?" అని అడిగి వచ్చేది. అంత జాగ్రత్త మనిషి.

వదులు గిన్నె పడింది ఓ దర్జీ ఆవిడకు. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ కాలు ఇంకా వాచి ఉండి, మోకాలి కింద చుట్టుకొలత ముప్పై నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. వాపు తీశాక మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి మాస్టారు కొలిచి కొత్త అంకె ఎక్కించారు. కాలు తయారై వచ్చాక తొడిగి చూస్తే ఆవిడకు వదులుగా అనిపించింది. అదే చెప్పింది కూడా. తొడిగే అతను పనికాగితం చూసి, "మాస్టారి కొలతేనమ్మా, తేడా రాదు, కొత్తలో అలాగే ఉంటుంది" అని రెండు మేజోళ్ళు వేయించి పంపాడు. ఎనిమిదో రోజున ఆవిడ కొట్టు మెట్లు దిగుతుంటే గిన్నె లోపలే కాలు తిరిగిపోయింది. పడిన ఊపుకు కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి అది.

మేనేజరు మాస్టారినీ రికార్డమ్మనూ పిలిపించాడు. బల్ల మీద పనికాగితం పెట్టాడు. ముప్పై నాలుగున్నర, కింద మాస్టారి పొడి అక్షరాలు.

"ఆవిడ కాలు ఇవాళ ఆస్పత్రిలో మళ్ళీ కొలిపించాను మాస్టారూ. ముప్పై ఒకటి వచ్చింది. ఇది మీరెక్కించిన కొలతే కదా?"

"నేను ముప్పై ఒకటే ఎక్కించాను," అన్నారు మాస్టారు.

"ఇక్కడ ముప్పై నాలుగున్నర ఉందండీ. మీ గదిలో కంప్యూటరులోనూ అంతే ఉంది."

ఉంటుంది మరి. కలిపాక ఏది ఖాయమైతే అది రెండు చోట్లా ఒకేలా ఉండాలని ఏర్పాటు చేసిందీ రికార్డమ్మే.

"ఉండొచ్చు. నేను ఎక్కించింది ముప్పై ఒకటి."

మేనేజరు రికార్డమ్మ వైపు తిరిగాడు. "కంప్యూటరు తనంతట తాను అంకెలు మారుస్తుందా?"

"ఎందుకు మారుస్తుందండీ? మనం ఏది పెడితే అదే ఉంటుంది," అంది ఆవిడ. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తన పనితనం మీద ఎవరో వేలెత్తినట్టు, కాస్త విసురుగానే అంది.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పుస్తకం ఉంటే చూపించేవాణ్ణి," అన్నారు మెల్లగా. ఇరవై ఆరేళ్ళపాటు ఆయన ప్రతి కొలతనూ ముందు పుస్తకంలో రాసుకున్న మనిషి. "ఒకే అంకెను రెండుసార్లు రాయడం దేనికి మాస్టారూ, కంప్యూటరులో ఉందిగా" అని ఆ పుస్తకం మాన్పించింది కూడా రికార్డమ్మే. అది తలచుకుని ఆవిడకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. కొంచెమే. అరవై దాటిన మనిషి, పొరపాటు పడ్డాడులే అనుకుని తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది.

దర్జీ ఆవిడ చేతికి కట్టుతో వచ్చినప్పుడు మాస్టారు అందరి ముందూ చేతులు జోడించారు. "నా వల్లేనమ్మా" అన్నారు. ఆవిడ కంగారుపడిపోయింది. "అయ్యో, ఊరుకోండి మాస్టారూ. నేనూ టేపు పట్టుకునే మనిషినే. ఎన్ని చొక్కాలు చెడగొట్టలేదు నేను" అంది. మాస్టారు తల ఎత్తలేదు. ఆ వారంలోనే మేనేజరు దగ్గరకు వెళ్ళి, తనను కొలతల గది నుంచి తప్పించి సామాన్ల గదిలో వెయ్యమని ఆయనే అడిగారు. కొత్త మనిషి వచ్చేదాకా ఉండమని మేనేజరు బతిమాలాడు.

ఇక్కడిదాకా రికార్డమ్మ మనసులో మచ్చ లేదు.

తర్వాతి సోమవారం హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మూడు వారాల పని నాలుగు నెలలకు తెమిలింది. ఫోల్డరును నమ్మకమైన జాబితాలో చేర్చేశారు, ఇక హెచ్చరిక రాదు. అయితే ఎంటర్ నొక్కే వాక్యాలతో ఇంక పని లేదు కదా అని, తీసేద్దామని స్క్రిప్టు తెరిచింది. పక్కనే అది రాసిపెట్టుకుంటున్న చిన్న ఫైలు కనిపించింది. ఊరికే చూద్దామని తెరిచింది. రోజుకో వరస. ఏడు గంటల పదిహేడు సెకన్లు, మెసేజి వచ్చింది, ఎంటర్ నొక్కడమైంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. అలా మౌసుతో కిందికి జరుపుతూ పోతుంటే ఓ రోజు కింద రెండు వరసలు కనిపించాయి.

రెండో మెసేజి ఏమిటి?

ఆ తేదీ చూసింది. దర్జీ ఆవిడ రెండోసారి కొలతకు వచ్చిన రోజుకు మర్నాడు.

పాతదే ఉంచమంటారా అని అది అడిగింది. ఐదు సెకన్లు ఆగింది. గదిలో ఎవరూ లేరు. ఉంచు అని స్క్రిప్టు జవాబు చెప్పింది. మాస్టారు ముప్పై ఒకటే ఎక్కించారు.

ఇంకా వెతికింది. నాలుగు నెలల్లో మొత్తం మూడు రోజులు రెండేసి వరసలున్నాయి. ఒకటి లారీ డ్రైవరుది, వదులైతే తొడిగేటప్పుడే లోపల మెత్త పెట్టి సరిచేశారు. ఇంకొకటి ఓ ముసలావిడది, కాలు ఇంకా తయారవ్వలేదు. రికార్డమ్మ ఆ ముసలావిడకు ఫోను చేసి, మళ్ళీ కొలతకు రమ్మని ఏదో సాకు చెప్పింది. స్క్రిప్టులో ఎంటర్ నొక్కే వాక్యాలు తీసి, దాన్ని పాత స్క్రిప్టు అని పక్కన దాచి, కొత్తది పెట్టింది. తేడా ఉన్న కొలతలు వస్తే విడిగా ఓ జాబితా అచ్చయ్యేలా చేసింది. అన్నీ ఆ పూటే చేసేసింది. మనుషులకు చెప్పడం ఒక్కటే మిగిలింది.

అదే చెయ్యలేదు.

మంగళవారం చెబుదామనుకుంది, మేనేజరు గదిలో ఎవరో ఉన్నారు. బుధవారం ఎవరూ లేరు, అయినా గుమ్మం దాకా వెళ్ళి ప్రింటరు ఇంకు అడిగి వచ్చేసింది. రాత్రి అన్నాలప్పుడు మొగుడికి చెప్పింది. ఆయన తినడం ఆపాడు.

"మా దగ్గర ఒకడు లిఫ్టు తలుపు సెన్సరు మాటిమాటికీ ఆగుతోందని దానికి టేపు అంటించాడు," అన్నాడు. "తెలిశాక వాణ్ణి పనిలోంచి తీసేశారు."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు. తగలకుండానే తీసేశారు." నీళ్ళు తాగి, "నీ కాంట్రాక్టు సంతకం రెండు నెలల్లో ఉంది. ఇప్పుడు సరిచేశావుగా. ఆయనెలాగూ రిటైరయ్యే వయసే," అన్నాడు. అని, తన మాట తనకే నచ్చనట్టు కంచం తీసుకుని లేచిపోయాడు.

ఆ మాటను రికార్డమ్మ గట్టిగా పట్టుకుంది. ఎలాగూ రిటైరయ్యే వయసే. పట్టుకుని మరో వారం లాక్కొచ్చింది. ఈ వారంలో ఆవిడ నోరు పడిపోయింది. "ఏం రికార్డమ్మా, ఒంట్లో బాలేదా?" అని మేస్త్రీ అడిగితే పంటినొప్పి అని చెప్పింది. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి.

మాస్టారు కొలతల గదిలో ఒక్కొక్క కాలును ఐదేసిసార్లు కొలుస్తున్నారు. బయట జనం విసుక్కుంటున్నారు. గురువారం మధ్యాహ్నం ఆయన ఓ చీటీ, టేపు పట్టుకుని రికార్డుల గదికి వచ్చారు. టేపు మీద ఓ చోట బొటనవేలి గోరు అదిమి పట్టుకుని ఉన్నారు.

"అమ్మాయ్, ఇదెంతో చదువు."

ఆవిడ వంగి చూసింది. "ఇరవై తొమ్మిదిన్నర మాస్టారూ."

"నిజంగా?"

"నిజంగానే."

చీటీ తిప్పి చూపించారు. దాని మీద ఇరవై తొమ్మిదిన్నర అనే రాసి ఉంది. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది. "నాకూ అంతే కనిపించింది. థాంక్స్ అమ్మాయ్, చాలా థాంక్స్," అని వెళ్ళిపోయారు. రికార్డమ్మ బాత్‌రూములోకి వెళ్ళి గడియ వేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తిట్లయినా ఇంత బాధపెట్టేవి కావు.

శుక్రవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పేసింది. ఆ చిన్న ఫైలు అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. మేనేజరు రెండుసార్లు చదివాడు. ఆయన కోపిష్టి కాదు. ఆ రోజు మాత్రం చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ రోజు నిన్నే అడిగాను. కంప్యూటరు అంకెలు మారుస్తుందా అని."

"అడిగారండీ."

"దర్జీ ఆవిడకు నేను చెబుతాను. నీ కాంట్రాక్టు సంగతి పైవాళ్ళు చూస్తారు, నా చేతిలో లేదు." కాగితం మడిచాడు. "మాస్టారికి మాత్రం నువ్వే చెప్పు. ఇవాళే. సోమవారం నుంచి ఆయన సామాన్ల గదికి వెళ్తున్నారు."

మాస్టారు కొలతల గదిలో సొరుగు ఖాళీ చేసుకుంటున్నారు. కొత్తగా వచ్చినావిడకు టేపులు, పెన్సిళ్ళు వరసగా అమర్చి పెడుతున్నారు. రికార్డమ్మ మాట తడబడకుండా చెప్పాలనుకుంది గానీ అన్నీ ముందువెనకలుగా వచ్చాయి. హెచ్చరిక, ఎంటర్, ప్రశ్న, పాతదే ఉంచు. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, నవ్వారు.

"మేనేజరు పంపాడా?"

"కాదండీ. నేనే..."

"నీది మంచి మనసు అమ్మాయ్. కానీ నాకు బాగా గుర్తుంది." ఆయన కుర్చీ చివర కూర్చున్నారు. "ఆ రోజు టేపు చుట్టగానే నాకు ఫోను వచ్చింది. మా అమ్మాయి చేసింది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో టేపు. టేపు జారింది. జారిన చోటే చూసి ఎక్కించేశాను. ముప్పై నాలుగున్నర. ఇప్పటికీ కళ్ళకు కడుతోంది."

ఈ ఫోనూ, జారిన టేపూ ఏనాడూ జరగలేదు. మూడు వారాలుగా తనను తాను నిందించుకుని, రాత్రింబవళ్ళు కారణం వెతుక్కుని, చివరికి ఆయనే ఓ జ్ఞాపకం తయారు చేసుకున్నారు. అది ఆయనకు నిజమైపోయింది.

"నా మాట నమ్మండి మాస్టారూ."

"నా మీద జాలితో నీ ఉద్యోగం పోగొట్టుకోకు. నీకింకా చాలా వయసుంది."

"అయితే నా కాలు కొలవండి," అంది ఆవిడ.

ఆయన వద్దన్నారు. టేపు తీసుకోనన్నారు. ఆవిడ టేపు ఆయన చేతిలో కుక్కి, స్టూలు మీద కాలు పెట్టి నిలబడింది. చాలాసేపటికి వంగి చుట్టారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. "ముప్పై మూడు," అన్నారు. ఆయన్నే ఎక్కించమంది. తన పేరు మీద పాత కొలతగా ముప్పై ఆరున్నర ముందే పెట్టి ఉంచింది. ఆయన చూపుడువేలితో మూడు, మళ్ళీ మూడు నొక్కి, తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసుకున్నారు.

ఇద్దరూ రికార్డుల గదికి నడిచారు. ఆవిడ దాచిన పాత స్క్రిప్టు తీసింది. "ఇప్పుడు మనం ఏదీ ముట్టుకోవద్దు మాస్టారూ" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆయనా పెట్టుకున్నారు. ఫైలు తెరుచుకుంది. అంకెలు కలవడం మొదలైంది. తెర మధ్యలో ప్రశ్న వచ్చింది. కొత్త కొలతకూ పాత కొలతకూ చాలా తేడా ఉంది, పాతదే ఉంచమంటారా? మాస్టారు పెదవులు కదుపుతూ చదివారు. చదవడం పూర్తయ్యేలోగానే అది దానంతట అదే మాయమైంది. ప్రింటరు గరగరలాడి ఒక కాగితం బయటకు తోసింది.

ముప్పై ఆరున్నర. కింద ఆయన పొడి అక్షరాలు.

మాస్టారు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. వెళ్ళి తన గదిలోని కంప్యూటరులో చూసి వచ్చారు. అక్కడా ముప్పై ఆరున్నరే ఉంది. వచ్చి కూర్చోలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇవాళ అని చెప్పొచ్చు. నిన్న అని చెప్పొచ్చు. ఆవిడ నాలుక మీదకు రెండూ వచ్చాయి.

"పదకొండు రోజులైంది."

ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. "పోయిన శుక్రవారం మా అమ్మాయి నన్ను మనవరాలి బడికి వెళ్ళొద్దంది. మూడేళ్ళుగా రోజూ నేనే తీసుకొస్తాను పిల్లని. రోడ్డు దాటేటప్పుడు నేను చూసుకోలేనేమోనని భయం దానికి. కొలతల్లో తప్పు చేశానని నేనే చెప్పానుగా ఇంట్లో. నేను కూడా వద్దులే అన్నాను, నా మీద నాకే నమ్మకం లేక." ఓ వేలు దగ్గర ఆగారు. "అప్పటికి నీకు తెలుసు."

"తెలుసు మాస్టారూ."

"రేపు మతిమరుపు డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నారు నన్ను."

రికార్డమ్మ తల దించుకుంది. క్షమించమని అడగబోయి, ఆ మాట ఎంత చిన్నదిగా వినిపిస్తుందో తెలిసి ఆగిపోయింది. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. గోడ గడియారం చూశారు. మూడుంబావు.

"బడి వదిలే టైమైంది. మా అమ్మాయి అక్కడే ఉంటుంది. నేను చెబితే నమ్మదు. నువ్వొచ్చి చెప్పు."

ఆవిడ సంచి తీసుకుంది. ఇద్దరూ రెండు వీధులు నడిచారు. ఆయన కాగితం మడవకుండా అలాగే పట్టుకుని నడుస్తున్నారు. రోడ్డు దాటే చోట ఆగి, అటూ ఇటూ చూసి, "రా" అన్నారు. ఆవిడ ఆయన వెనకే దాటింది.

బడి గేటు దగ్గర పిల్లల కోసం వచ్చినవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. అందులోంచి ఒకావిడ తండ్రిని చూసి పరుగున వచ్చింది. వచ్చీ రాగానే ఆయన మోచెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఒక్కడివే ఎందుకొచ్చావు? పని మధ్యలో వచ్చేశావా?" అని, ఆయన జవాబు చెప్పేలోగానే రికార్డమ్మ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "దారి తప్పారా అండీ? మీరే తీసుకొచ్చారా? చాలా థాంక్సండీ. ఈమధ్య ఆయనకు కాస్త..."

మాస్టారు పక్కనే నిలబడి ఇదంతా వింటున్నారు. కాగితం చూస్తున్నట్టు తల వంచుకున్నారు.

"ఆయన దారి తప్పలేదండీ," అంది రికార్డమ్మ. "ఆయనే నన్ను తీసుకొచ్చారు. ఆయనకు ఏమీ కాలేదు. ఆ కొలత ఆయన సరిగ్గానే తీశారు. తప్పు నాది."

కూతురికి అర్థం కాలేదు. తండ్రి వైపు చూసింది.

"మొదట్నుంచీ చెప్పు," అన్నారు మాస్టారు.

లోపల గంట కొట్టారు. పిల్లలు అరుచుకుంటూ బయటకు వస్తున్నారు. ఆ గోలలో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. పక్కన నిలబడ్డవాళ్ళు కూడా వింటున్నారు. రికార్డమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. ఎంటర్ సంగతి చెప్పింది, మేనేజరు ముందు తాను అన్న మాట చెప్పింది, పదకొండు రోజులు చెప్పింది. ఆవిడ పదకొండు రోజుల దగ్గరకు వచ్చేసరికి, కూతురు తండ్రి మోచేతి మీద నుంచి తన చెయ్యి తీసేసింది.